ఆఫ్ రోజు ఫోన్ ఎత్తకపోతే స్వార్థమా?

ప్రశ్న: మేడం, నాకు 26 ఏళ్లు. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చేసి, శ్రీకాకుళంలో ఒక 60 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా ఊరు నరసన్నపేట దగ్గర. డ్యూటీ ఎనిమిది నుంచి ఎనిమిది దాకా. నెలకి నాలుగు ఆఫ్‌లు ఉండాలి, రెండు కూడా దక్కడం లేదు. ఎవరు మానేసినా ఇన్‌ఛార్జి మేడం నాకే ఫోన్ చేసి "నువ్వు తప్ప నాకెవరున్నారు తల్లీ" అంటారు. కాదనలేకపోతున్నాను. రెండేళ్ల బాబుని మా అత్తగారు చూస్తున్నారు. ఇంటికొస్తే ఊళ్లోవాళ్లు బీపీ చూడమని, ఇంజెక్షన్ చేయమని తలుపు కొడతారు. ఈమధ్య ఫోన్ మోగితేనే గుండె దడ. రానని చెప్తే స్వార్థమా? ఉద్యోగం పోకుండా ఎలా చెప్పాలి?

జవాబు:

అమ్మా, స్వార్థం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, కారణాలు తర్వాత చెబుతాను.

ఆఫ్‌ల లెక్క కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది, ఫోన్ మోగితే దడ పుడుతోందన్న నీ మాట. ఆ దడ నాకు తెలుసు. నేను 1988లో ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి 2020లో హెడ్ నర్సుగా రిటైరయ్యాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింట్లోనూ చేశాను. చివరి పదమూడేళ్లు డ్యూటీ లిస్టు రాసింది నేనే. అంటే నీకు ఫోన్ చేసే మేడం కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి ఏం కనిపిస్తుందో తెలిస్తే నీ భయం సగం పోతుంది.

పొద్దున్న ఏడున్నరకి ఒక సిస్టరు ఫోన్ చేసి "మేడం, ఈరోజు రాలేను" అంటుంది. నైట్ చేసిన అమ్మాయి ఎర్రబడ్డ కళ్లతో హ్యాండోవర్ ఇద్దామని, అంటే వార్డు అప్పజెప్పి వెళ్దామని, గడియారం చూస్తుంటుంది. డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చే వేళ. నా దగ్గర పన్నెండు నంబర్లున్నాయి. వీళ్లలో ఎవరు బాగా అలిసిపోయారు, ఎవరు వరసగా ఎన్ని డ్యూటీలు చేశారు అని లెక్క చూసే తీరిక ఆ నిమిషంలో ఉండదు. ఒకామెకి చేస్తే భర్త ఎత్తి "ఊరెళ్లింది" అంటాడు. ఇంకొకామె "చూసి చెబుతాను మేడం" అని గంటసేపు తేల్చదు. ఒకమ్మాయి మాత్రం రెండో రింగుకే ఎత్తి "వస్తున్నాను మేడం" అంటుంది. రెండోసారి నుంచి నా వేలు నేరుగా ఆ నంబరు మీదికే పోయేది. "నువ్వు తప్ప నాకెవరున్నారమ్మా" అని నేనూ అన్నాను. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. ఒక ఏడాది చివర్లో ఆఫ్‌లు, ఆఫ్ రోజు పనిచేసినందుకు బదులిచ్చే కాంప్ ఆఫ్‌ల లెక్క కట్టడానికి రిజిస్టరు తిరగేశాను. ప్రతి నెలా ఎర్ర ఇంకుతో కొట్టేసిన ఆఫ్‌లు ఆ అమ్మాయివే. పన్నెండు మంది ఉన్న వార్డులో అందరి మానేసిన రోజులూ ఒక్కదాని నెత్తిన పడ్డాయి. ఆ పేజీ చూసి నాకు చాలా బాధేసింది. ఆమెని పిలిచి క్షమించమని అడిగాను.

అందుకని ఈ సంగతి మనసులో పెట్టుకో. నీకు ఫోన్ వస్తున్నది నువ్వు తప్ప ఎవరూ లేక కాదు. నువ్వు కాదనవని అందరికీ తెలుసు కాబట్టి. మీ మేడం చెడ్డమనిషి కానక్కర్లేదు. నీరు పల్లానికి పోయినట్టు పని కూడా అడ్డు లేని వైపే పోతుంది.

అదే వార్డులో ఇంకో సిస్టరు ఉండేది. కొత్తగా బదిలీ మీద వచ్చింది, ఇద్దరు చిన్నపిల్లలు. చేరిన వారంలోనే నా దగ్గరికొచ్చి నిలబడి నెమ్మదిగా చెప్పింది: "మేడం, నెలకి ఒక ఎక్స్‌ట్రా డ్యూటీ చేస్తాను. ఇరవయ్యో తేదీ తర్వాత మా అమ్మ వస్తుంది, పిల్లల్ని చూసుకుంటుంది. అప్పుడు ఏ రోజు వేసినా పరవాలేదు. మిగతా రోజుల్లో పిలిస్తే రాలేను మేడం, ముందే చెప్తున్నాను." నాకు కోపం వచ్చింది. వచ్చి వారం కాలేదు, అప్పుడే షరతులా అనుకున్నాను. తర్వాతి నెల లిస్టు రాయడానికి కూర్చున్నప్పుడు తెలిసింది, ఆ కాగితం మీద నేను నమ్మకంగా రాయగలిగిన పేరు ఆమెదొక్కటే. ఇరవై రెండో ఇరవై అయిదో అని రాసేసి వదిలేయొచ్చు. మిగతావాళ్ల పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టుకునేదాన్ని. ఆరు నెలలయ్యేసరికి అందరినీ అలాగే చెప్పమని నేనే అడిగాను. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర జరిగే మంగళవారం అందరికీ ఆఫ్ కావాలి. ఆ ఒక్కరోజు కోసం దసరా ముందు నెలంతా గొడవలు పడేవాళ్లం. ఆ ఏడాది మాత్రం ఎవరు పండక్కి, ఎవరు దీపావళికి, ఎవరు సంక్రాంతికి అని ఆగస్టులోనే పంచుకున్నాం.

ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ఆ సిస్టరు "రాను" అని చెప్పలేదు. "ఎప్పుడు వస్తానో" చెప్పింది. లిస్టు రాసేవాళ్లకి కావలసింది అదే.

ఇక స్వార్థం మాటకొస్తాను. ఇది నా జీవితంలో జరిగింది. చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

1996. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, ఎవరైనా రాకపోతే అటెండరు సైకిలు మీద క్వార్టర్స్‌కి వచ్చి పిలిచేవాడు. నేనూ నీలాగే, పిలిస్తే చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెళ్లిపోయేదాన్ని. ఆరోజు మార్నింగ్ డ్యూటీ అయింది. ఈవెనింగ్ సిస్టరు రాలేదు, ఉండిపోయాను. రాత్రి ఎనిమిదికి నైట్ సిస్టరు కూడా రాలేదు. మళ్లీ ఉండిపోయాను. ఆడవాళ్ల వార్డులో పదకొండో బెడ్ మీద ఒక పైడమ్మ, పన్నెండో బెడ్ మీద ఇంకో పైడమ్మ. మా విజయనగరంలో పైడితల్లమ్మ పేరు లేని ఇల్లుండదు కదా. పదకొండులో ఆవిడకి సుగరు, కాలికి పుండు. పన్నెండులో ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ అయి మూడో రోజు. తెల్లారి ఆరింటికి టిఫిన్ ముందు ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఇరవై యూనిట్లు సిరంజిలోకి ఎక్కించి, కేస్ షీటు మీద పేరు చూసుకుని వెళ్లాను. పేరు సరిగ్గానే చూశాను. బెడ్ చూడలేదు. పన్నెండో బెడ్ పైడమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాగి, స్పిరిట్ దూది రుద్దాను. ఆవిడ నిద్రకళ్లతో నా మొహంలోకి చూసి, "నాకు సుగరు నేదు గదమ్మా. అది పక్క మంచం పైడమ్మకి కదేటి?" అంది.

సూది ఇంకా దిగలేదు. సిరంజి ట్రేలో పెట్టి, ఆ రెండు మంచాల మధ్య స్టూలు మీద కూర్చుండిపోయాను. చేతులు వణికాయి. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి "నిద్ర నేదేటి తల్లీ" అని అడిగింది. సుగరు లేని మనిషికి, పొద్దున్నే ఏమీ తినకుండా ఉన్నదానికి ఇరవై యూనిట్లు పడితే సుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ నోరు లేని మనిషైనా, మత్తులో ఉన్నా ఆరోజు ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు చల్లబడుతుంది. ఆ నెలలోనే పైవాళ్లు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు, ఎప్పుడు పిలిచినా వచ్చే సిస్టరు అని.

నేను ముందురోజు అయిదింటికి లేచాను. సూది పట్టుకునే వేళకి ఇరవై అయిదు గంటలుగా మేలుకుని ఉన్నాను. చాలా కాలం తర్వాత ఒక ట్రైనింగులో విన్నాను: పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని పరిశోధకులు తేల్చారు. అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం 30 దాటితే చాలు, తాగి బండి నడిపినట్టు లెక్కేస్తుంది. నువ్వు పొద్దున్న అయిదింటికి లేచి పల్లె వెలుగు బస్సెక్కి వచ్చి, ఎనిమిది దాకా డ్యూటీ చేసి, నైట్‌కి కూడా ఆగిపోతే, రాత్రి పదింటికే ఆ గీత దాటేస్తావు. ఇంకా పది గంటల డ్యూటీ మిగిలే ఉంటుంది. అమెరికాలో నర్సుల మీద 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, పన్నెండున్నర గంటలు దాటి పనిచేసినప్పుడు పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లని తేలింది. వాళ్లూ మనలాంటి నర్సులే, చేతకానివాళ్లు కాదు.

అలసిన నర్సు వల్ల నష్టపోయేది ముందు పన్నెండో బెడ్ మనిషి. నువ్వు "ఈరోజు రాలేను" అన్నప్పుడు నీ ఒక్కదాని ఒళ్లు కాపాడుకుంటున్నావని అనుకోకు.

అయితే నిజమైన ఆపద వేరు, అది కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకి దగ్గర్లో తీరం దాటింది. నేనప్పుడు ఉద్దానం వైపు ఒక ఆసుపత్రిలో ఉన్నాను. కొబ్బరి, జీడి చెట్లు రోడ్లకి అడ్డంగా పడిపోయాయి, కరెంటు లేదు, జనరేటరుకి డీజిలు దొరకడం కష్టమైంది. డయాలసిస్ తప్పిపోతే బతకని కిడ్నీ మనుషులు ఆ మండలాల్లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. టార్చి వెలుతురులో సెలైన్ ఎక్కించే కాన్యులాలు పెట్టాం. వంతులు వేసుకుని బెంచీల మీద గంటా రెండు గంటలు పడుకున్నాం. ఎవరూ ఆఫ్ అడగలేదు, నేనూ ఎవరినీ బతిమాలలేదు. అలాంటి రోజు వస్తే నువ్వు కూడా ఎవరూ పిలవకుండానే వెళ్తావు, నాకు తెలుసు. కానీ ప్రతి ఆదివారమూ తిత్లీ రాదు. ప్రతి ఆదివారమూ మనుషులు చాలడం లేదంటే ఆ ఆసుపత్రిలో నర్సులు తక్కువున్నారని అర్థం. ఆ లోటు నీ ఆఫ్‌తో పూడ్చేది కాదు.

ఇప్పుడు ఎలా చెప్పాలో చూద్దాం. ఫోన్ వచ్చినప్పుడు చెప్పకు. అప్పుడు మీ మేడం కంగారులో ఉంటుంది, నువ్వు భయంలో ఉంటావు. లిస్టు రాసే రోజులకి ముందు, ఆమె కాస్త కుదురుగా ఉన్న వేళ చూసుకుని, ఎదురుగా వెళ్లి చెప్పు. నీ మాటల్లో ఇలా ఉండొచ్చు: "మేడం, వచ్చే నెల నుంచి నా నాలుగు ఆఫ్‌లు నాకు కావాలి. నెలకి ఒక్క రోజు ఎవరైనా రాకపోతే నేను వస్తాను, ముందురోజు సాయంత్రంలోగా చెప్పండి. డబుల్ డ్యూటీ మాత్రం చేయలేను మేడం, రెండో డ్యూటీలో నా చేతుల మీద నాకే నమ్మకం ఉండటం లేదు." అంతే. చివరి వాక్యం తప్పకుండా చెప్పు, అది నిజం. నర్సింగ్ తెలిసిన ఏ ఇన్‌ఛార్జీ ఆ మాటని తేలిగ్గా తీసిపారేయలేరు. అదే రోజు వాట్సాప్‌లో మేడంకి విడిగా, గ్రూపులో కాకుండా, అదే విషయం నాలుగు ముక్కల్లో రాసి పెట్టు. గ్రూపులో పెడితే అందరి ముందూ ఎదిరించినట్టవుతుంది.

తర్వాత ఫోన్ వస్తుంది. తప్పకుండా వస్తుంది, నువ్వు నిజంగా అన్నావో లేదో చూడటానికైనా వస్తుంది. అప్పుడు "ఈరోజు రాలేను మేడం" అని ఒక్కసారి చెప్పి ఆగు. ఎందుకు రాలేవో చెప్పడం మొదలుపెట్టకు. మనవాళ్ల దగ్గర కారణం చెప్పామంటే బేరం మొదలైనట్టే. బాబుకి ఒంట్లో బాగాలేదంటే "మీ అత్తగారున్నారు కదా" అంటారు. అత్తగారు ఊరెళ్లారంటే "ఆడపడుచు దగ్గర పెట్టి రా" అంటారు. ఒక్కో కారణానికీ వాళ్ల దగ్గర ఒక్కో దారి ఉంటుంది, చివరికి నువ్వు బస్సులో ఉంటావు. బాబుకి జ్వరమని అబద్ధం అసలు చెప్పకు. మన మనసు ఊరుకోదు, ఆ రాత్రి వాడి నుదురు పదిసార్లు పట్టుకు చూస్తావు. రెండోసారి అడిగితే అదే వాక్యం, మూడోసారీ అదే వాక్యం, గొంతు పెంచకుండా.

"తల్లీ", "అమ్మా", "నా కూతురులాంటిదానివి" అన్న పిలుపుల దగ్గరే మనం కరిగిపోతాం. మన వైపు ఉద్యోగం కూడా చుట్టరికంలాగే నడుస్తుంది. అది మంచిదే, ఆ ఆప్యాయత వల్లే ఎన్నో కష్టాలు గట్టెక్కాను. కానీ చుట్టరికమైతే రెండువైపులా ఉండాలి. కూతురు అలిసిపోయిందంటే ఏ తల్లయినా పడుకోమంటుంది. పిలుపుకి పిలుపుతోనే జవాబు చెప్పు, "మీరు అమ్మలాంటివారు కాబట్టే ఉన్నమాట చెప్తున్నాను మేడం" అని. ఆ గౌరవం ఎక్కడా తగ్గించకు.

మా నాన్న నాగావళి పక్క రైతు. వరిమడికి గట్టు వేసి ఒకచోట మడవ వదిలేవాడు. నీళ్లు కావలసినప్పుడు తీసేవాడు, చాలనుకున్నప్పుడు పారతో మట్టి వేసి కట్టేసేవాడు. పక్క మడి వాళ్లు అడిగితే ఇచ్చేవాడు కూడా, కానీ మడవ తీసేది ఆయన చెయ్యే. నీ విషయంలో గట్టే లేదమ్మా. వచ్చిన నీరంతా నీ మడిలోంచే పోతోంది, దాంతోపాటు నీ మట్టీ పోతోంది.

చేయకూడనివి రెండు గట్టిగా చెబుతాను. డ్యూటీలో ఉండగా, నీ తర్వాత రావలసిన మనిషి రాకముందు, హ్యాండోవర్ ఇవ్వకుండా వార్డు వదిలి వెళ్లకు. అది హద్దు పెట్టుకోవడం కాదు, రోగిని గాలికి వదిలేయడం. అలా ఎవరూ రాలేదంటే ఎనిమిదికి పది నిమిషాల ముందే డ్యూటీ డాక్టరుకీ మేడంకీ ఫోన్ చేసి, "ఎనిమిదికి నా డ్యూటీ అయిపోతుంది, ఎవరికి అప్పజెప్పాలి" అని అడిగి, మెసేజి కూడా పెట్టు. మనిషిని తెచ్చే బాధ్యత వాళ్లది, అప్పజెప్పే బాధ్యత నీది. రెండోది, తోటి సిస్టర్ల మీద కోపం పెంచుకోకు. మానేసే అమ్మాయికి కూడా ఇంటి దగ్గర ఏదో ఉంటుంది. మీరు నలుగురు కూర్చుని ఒకరి డ్యూటీ ఒకరు మార్చుకునే ఏర్పాటు చేసుకుంటే మేడం దాకా వెళ్లే ఫోన్లే తగ్గుతాయి.

నీ పక్షాన ఏముందో కూడా తెలుసుకో. నీది పన్నెండు గంటల డ్యూటీ, ఆరు రోజులకి 72 గంటలు. ఆఫ్ పోయిన వారం 84. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35-40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటి, పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో రోజుకి ఎనిమిది గంటలే పని అంటోంది. ఆపైన చేయించాలంటే పనిచేసేవాళ్ల సమ్మతి ఉండాలి, రెట్టింపు జీతం ఇవ్వాలి. జనరల్ ఆసుపత్రుల్లో అయిదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. ప్రైవేటు నర్సుల బాధల మీద సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 నుంచి 100 పడకల ఆసుపత్రుల్లో జీతం ప్రభుత్వ నర్సు జీతం కంటే 25 శాతానికి మించి తగ్గకూడదనీ, సెలవులు, పని గంటలు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలనీ సిఫారసు చేసింది. మీ ఆసుపత్రి 60 పడకలు కాబట్టి అందులోకే వస్తుంది. ఇవన్నీ పట్టుకుని రేపు వెళ్లి వాదించమని నేననను. సిఫారసు కాగితం మీదే ఉండిపోయిన చోట్లు చాలా చూశాను. కానీ నువ్వు అడుగుతున్నది దయాదాక్షిణ్యం కాదని నీకు తెలిసి ఉంటే, మేడం ముందు నిలబడినప్పుడు గొంతు తడబడదు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. తేదీ, వచ్చిన టైము, వెళ్లిన టైము, పోయిన ఆఫ్, ఎవరు పిలిచారు, అంతే. రోజుకి ఒక్క గీత చాలు. రేపు ఎవరైనా "నువ్వు సరిగ్గా రావడం లేదు" అంటే ఆ పుస్తకమే మాట్లాడుతుంది. ఇంకోటి, నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి వాళ్ల దగ్గర ఉన్నాయా? చాలామంది పిల్లలు అక్కడే ఇరుక్కుపోతున్నారు. ఉంటే ఏదో ఒక అవసరం చెప్పి కాదు, నావి నాకు కావాలని నేరుగా అడిగి తెచ్చుకో. ఇకముందు ఎక్కడ చేరినా జిరాక్సులే ఇవ్వు, ఒరిజినల్స్ చూపించి వెనక్కి పట్టుకురా. సర్టిఫికెట్లు నీ పెట్టెలో ఉంటే ఉద్యోగం పోతుందన్న భయం సగానికి తగ్గుతుంది. నిన్ను తీసేస్తారేమో అన్నావు. ఇద్దరు మనుషుల పని చేసే నర్సుని, నెలకి నాలుగు ఆఫ్‌లు అడిగిందని తీసేసే ఆసుపత్రిని నా అంత సర్వీసులో నేను చాలా తక్కువ చూశాను. నలుగురిలో ఒకమాట అంటారు, రెండు నెలలు మొహం ముడుచుకుంటారు. అది తట్టుకోవాలి. ఒకవేళ నిజంగానే బెదిరింపులు మొదలైతే, అక్కడే ఉంటూ వేరేచోట చూసుకో. అనుభవం ఉన్న స్టాఫ్ నర్సుకి ఈరోజు పని దొరక్క ఆగదు.

ఊరివాళ్ల సంగతి. ఇది మేడం కంటే కష్టం, ఎందుకంటే వీళ్లు జీతం ఇచ్చేవాళ్లు కాదు, పెళ్లికి వచ్చి అక్షింతలు వేసినవాళ్లు. "సిస్టరమ్మా, ఓపాలి సూడమ్మా" అని ముసలాయన గుమ్మంలో నిలబడితే తలుపెలా వేస్తాం? వేయొద్దు. ఒక వేళ పెట్టు. ఆఫ్ రోజు పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా అరుగు మీద కూర్చుని బీపీ చూస్తానని చెప్పు. మిగతా వేళల్లో మీ అత్తగారే బయటికొచ్చి "ఆదివారం రండి బావూ, ఇప్పుడు పడుకుంది" అని చెబితే ఊరు వింటుంది. ఆమెతో ముందే మాట్లాడుకో, పెద్దావిడ మాటకి ఉండే బలం నీ మాటకి ఉండదు. ఇంజెక్షన్లు, సెలైన్లు మాత్రం ఎవరు బతిమాలినా ఇంట్లో పెట్టకు. డాక్టరు రాసింది లేకుండా, రియాక్షన్ వస్తే మందు చేతిలో లేకుండా సూది వేయడం నీకూ ప్రమాదం, వాళ్లకీ ప్రమాదం. గుండెనొప్పి, ఆయాసం లాంటిదైతే 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా పక్కన కూర్చో. దానికి వేళ లేదు.

ఇంట్లో నీ సంగతి కూడా చెప్పనీ. నైట్ చేసి వచ్చిన రోజు నేరుగా పనిలో పడకు. నేను యూనిఫాం విప్పి బకెట్లో పడేసి, తలారా స్నానం చేసి, చోడి (రాగి) అంబలి తాగి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి పడుకునేదాన్ని. ఆ స్నానం పూర్తయ్యేదాకా ఎవరూ నాతో మాట్లాడకూడదని మా ఇంట్లో ఒప్పందం. పదిహేను నిమిషాలే. వార్డులో పోయిన మనిషి మొహం, వాళ్లవాళ్ల ఏడుపు ఆ నీళ్లలో కొంత పోయేవి. నీకు కూడా అలాంటి పదిహేను నిమిషాలు ఉండాలి. బాబు ఎదురొస్తే ఎత్తుకోకుండా ఎలా ఉంటానంటావు. ఎత్తుకో, కానీ స్నానం తర్వాత ఎత్తుకో. పడుకునేటప్పుడు ఫోన్ సైలెంటులో పెట్టి, మీ ఆయన, మీ అమ్మ నంబర్లకి మాత్రమే మోగేలా పెట్టుకో.

ఇవి చేసినా కొన్ని వారాల తర్వాత కూడా దడ తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బస్సెక్కే ముందు ఏడుపొస్తుంటే, రోగి పిలిస్తే విసుగూ అసహ్యమూ వస్తుంటే, దాన్ని అలసట అని కొట్టిపారేయకు. పని వల్ల ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, నేనేమీ సరిగ్గా చేయలేనని అనిపించడం, ఈ మూడూ కలిస్తే బర్నౌట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వివరించింది. టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ రోజే ఫోన్ చేయి, ఇంట్లో ఒకరికి చెప్పు. రోగులకి మనం చెప్పే మాటే ఇది, మనకి మనం చెప్పుకోం.

మొదటి ఆదివారం చాలా కష్టంగా ఉంటుందమ్మా. ఏడున్నరకి ఫోన్ మోగుతుంది. ఎత్తి ఆ ఒక్క వాక్యం చెప్పి పెట్టేస్తావు. తర్వాత అరగంట చేతులు చల్లగా ఉంటాయి, వార్డులో ఎవరున్నారో, ఆ ఐసీయూ పెద్దాయనకి ఎలా ఉందో అని మనసు అక్కడే తిరుగుతుంది. ఫోన్ అత్తగారి చేతికిచ్చి, బాబుని చంకనేసుకుని చెరువు గట్టు దాకా నడిచి రా. రెండో ఆదివారం కూడా మోగొచ్చు. మూడో నెల లిస్టు గోడకి అంటించినప్పుడు నీ పేరు ఎదురుగా ఆఫ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయి.